తెలిసిన పేరుతో వచ్చే వైరస్: ఇంటి కంప్యూటర్‌ను కాపాడుకోవడం ఎలా?

నేడు ఈ-మెయిల్ వాడని కుటుంబం అరుదు. బ్యాంకు స్టేట్‌మెంటు, పిల్లల కాలేజీ సమాచారం, గల్ఫ్‌లో ఉన్న బంధువులు పంపిన ఫొటోలు, మనం ఇచ్చిన విరాళానికి రసీదు... అన్నీ ఈ దారినే వస్తున్నాయి. వైరస్‌లూ ఈ దారినే వస్తాయి. అవి చాలాసార్లు ముక్కూ మొహం తెలియని వారి పేరుతో కాదు, మనకు బాగా తెలిసినవారి పేరుతోనే వస్తాయి. ఈ ఒక్క విషయం మనసులో నాటుకుంటే సగం రక్షణ దొరికినట్లే.

ఒక పాత ఉదాహరణ

2000 మే 4న ప్రపంచమంతటా లక్షలాది మందికి 'ఐ లవ్ యూ' అనే శీర్షికతో ఒక ఈ-మెయిల్ అందింది. దానితోపాటు ప్రేమలేఖ అనే పేరుతో ఒక ఫైలు ఉంది. ఫైలు పేరు చివర 'టిఎక్స్‌టి', దాని తర్వాత 'విబిఎస్' అని ఉన్నాయి. మొదటిది మామూలు ఉత్తరానికి గుర్తు, రెండోది కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రామ్‌కు గుర్తు. విండోస్ ఆ చివరి ముక్కను తెరమీద చూపకుండా దాచేయడంతో చాలామంది అది ఉత్తరమే అనుకుని తెరిచారు. తెరవగానే అది కంప్యూటర్‌లోని ఫొటో ఫైళ్లను చెరిపి, వాటి స్థానంలో తన నకళ్లను పెట్టింది. ఆపైన అవుట్‌లుక్ చిరునామాల పుస్తకంలో ఉన్న అందరికీ తనను తాను పంపుకుంది. ఫిలిప్పీన్స్‌లో పుట్టిన ఈ వైరస్ దెబ్బకు బ్రిటన్ పార్లమెంటు సైతం తన ఈ-మెయిల్ వ్యవస్థను కొంతసేపు ఆపివేయవలసి వచ్చింది.

తర్వాత వచ్చిన ఎమోటెట్ మరింత తెలివి మీరింది. అది పట్టుబడిన కంప్యూటర్‌లోని పాత ఉత్తరాలను దొంగిలించి, వాటికి జవాబు పంపుతున్నట్లుగా తన ఫైలును పంపేది. 2021 జనవరిలో పలు దేశాల పోలీసులు కలిసి దాని సర్వర్లను స్వాధీనం చేసుకున్నారు. అయినా అదే ఏడాది నవంబరులో అది మళ్లీ తలెత్తింది.

తెరిచే ముందు మూడు ప్రశ్నలు

1. ఈ ఫైలు వస్తుందని నేను ఎదురు చూస్తున్నానా? అడగని రసీదు, కొనని వస్తువు బిల్లు, తెలియని కొరియర్ నోటీసు వస్తే అనుమానించాలి.

2. పంపినవారి పూర్తి చిరునామా సరిగ్గా ఉందా? పైన కనిపించే పేరును ఎవరైనా పెట్టుకోవచ్చు. దాని పక్కనున్న అసలు చిరునామాను అక్షరం అక్షరం చూడాలి.

3. ఫైలు పేరు చివర ఏముంది? ఫొటోకు 'జెపిజి', రసీదుకు 'పిడిఎఫ్' ఉండటం సహజం. 'ఇఎక్స్‌ఇ', 'విబిఎస్', 'జెఎస్', 'ఎస్‌సిఆర్' ఉంటే తెరవవద్దు. పిడిఎఫ్ అయినా అందులోని లింకులను తొందరపడి నొక్కవద్దు.

ఏమాత్రం అనుమానం ఉన్నా పంపినవారికి ఫోన్ చేయండి. ఈ-మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు కాదు, మీ దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకు చేయాలి. రంజాన్ నెలలో విరాళాల అభ్యర్థనలు ఎక్కువగా వస్తాయి కనుక ఈ జాగ్రత్త అప్పుడు మరీ అవసరం.

మరో రెండు గుర్తులున్నాయి. వర్డ్ లేదా ఎక్సెల్ ఫైలు తెరిచాక 'ఎనేబుల్ కంటెంట్' నొక్కమని అడిగితే నొక్కవద్దు. ఆ ఫైలులో దాగి ఉన్న మ్యాక్రో అనే చిన్న ప్రోగ్రామ్ అప్పుడే నడవడం మొదలుపెడుతుంది. 1999లో మెలిస్సా వైరస్ వ్యాపించింది మ్యాక్రోల ద్వారానే. అలాగే పాస్‌వర్డ్ వేసిన జిప్ ఫైలు పంపి, ఆ పాస్‌వర్డ్‌ను అదే ఉత్తరంలో రాస్తే జాగ్రత్తపడండి. తాళం వేసిన ఫైలు లోపల ఏముందో తనిఖీ వ్యవస్థకు కనిపించకూడదనే ఆ ఎత్తు.

కంప్యూటర్‌లో చేయవలసినవి

ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో 'వ్యూ' మెనూకు వెళ్లి 'ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్' ఎంచుకోండి. విండోస్ 11లో ఇది 'వ్యూ' కింద 'షో'లో ఉంటుంది. ఇక ఫైలు పేరులోని చివరి ముక్క దాగదు.

అప్‌డేట్లను వాయిదా వేయవద్దు. 2017 మేలో వానాక్రై దాడి జరిగింది. అది ఉపయోగించుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే మరమ్మతు విడుదల చేసింది. అయినా అప్‌డేట్ చేయని కంప్యూటర్లు అనేక దేశాల్లో మూతపడ్డాయి. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంకా అదే వాడుతున్నవారు మార్పు గురించి వెంటనే ఆలోచించాలి.

విండోస్‌లోనే ఉన్న డిఫెండర్ యాంటీవైరస్ ఉచితం. అది ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. నకిలీ సాఫ్ట్‌వేర్ కోసం దాన్ని ఆపివేస్తే ఇంటి తాళం మనమే తీసి పెట్టినట్లవుతుంది.

పిల్లల ఫొటోలు, ఇంటి పత్రాలు నెలకొకసారి ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి, పని కాగానే డిస్క్‌ను విడదీసి దాచండి. తగిలించే ఉంచితే, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ దాన్నీ వదలదు.

పొరపాటున తెరిస్తే

ముందుగా ఇంటర్నెట్ ఆపండి. మరో కంప్యూటర్ లేదా ఫోన్ నుంచి ఈ-మెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చండి. డిఫెండర్‌తో పూర్తి స్కాన్ చేయించండి. అవసరమైతే తెలిసిన మెకానిక్‌ను పిలవండి. మీ పేరుతో వచ్చే ఫైళ్లు తెరవవద్దని బంధుమిత్రులకు ఫోన్‌లో చెప్పండి. సిగ్గుపడి దాచిపెడితే నష్టం వారికీ పాకుతుంది. డబ్బు పోయిందని తెలిస్తే ఆలస్యం చేయకుండా జాతీయ సైబర్ నేర సహాయ నంబరు 1930కు ఫోన్ చేయాలి.

ఇతరుల చిరునామాలు అమానతు

మన కంప్యూటర్‌లో మన వివరాలే కాదు, మనల్ని నమ్మి చిరునామా ఇచ్చిన వందలమంది వివరాలూ ఉంటాయి. అవి మన దగ్గర అమానతు. వైరస్ మన ఇంట్లో దూరితే మన పేరు చెప్పుకునే వారి తలుపు తడుతుంది. మన మీద వారికున్న నమ్మకమే దానికి ఆయుధం. అందుకే చాలామందికి ఒకేసారి ఉత్తరం పంపేటప్పుడు చిరునామాలను 'సీసీ'లో కాక 'బీసీసీ'లో పెట్టండి. ఒకరి చిరునామా మరొకరికి కనిపించదు. సంస్థల దాతల జాబితాలు చూసే కార్యకర్తలకు ఇది మరీ ముఖ్యం.

ఈ రోజే మూడు పనులు పూర్తిచేయండి: ఫైలు పేర్ల చివరి ముక్క కనిపించేలా మార్చండి, అప్‌డేట్ నడపండి, ముఖ్యమైన ఫైళ్లను విడిగా కాపీ చేయండి. ఆపైన ఈ మూడు ప్రశ్నలనూ ఇంట్లో పెద్దలకూ పిల్లలకూ నేర్పండి. ఒకే కంప్యూటర్‌ను అందరూ వాడే ఇంట్లో అందరికీ తెలిసినప్పుడే రక్షణ.