ఎడమ భుజం మీది మచ్చ

పిల్లలూ! చొక్కా చేతిని కాస్త పైకి మడిచి మీ ఎడమ భుజం చూసుకోండి. కందిగింజంత గుంట మచ్చ మీలో చాలామందికి కనిపిస్తుంది. అది ఆటలో తగిలిన దెబ్బ కాదు. మీరు పుట్టిన కొద్ది రోజులకే వేసిన బి.సి.జి. టీకా గుర్తు. క్షయ వ్యాధి నుంచి పసివాళ్ళను కాపాడే టీకా అది.

ఈ పాఠం చెబుతుండగా తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు లేచి నన్నొక ప్రశ్న అడిగాడు. "మాస్టారూ! మా చెల్లికి నెల రోజులు. టీకా వేయించాం. మా తాతకు నెల్లాళ్ళుగా దగ్గు తగ్గడం లేదు. చెల్లికి టీకా వేశాం గనుక భయం లేదు కదండీ?"

జవాబు తెలియాలంటే ముందు ఈ టీకా కథ తెలుసుకోవాలి.

బంగాళాదుంప ముక్కల మీద 13 ఏళ్ళు

క్షయకు కారణం ఒక బాక్టీరియా అని 1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ ప్రకటించాడు. శత్రువెవరో తెలిసింది. మరి ఎదుర్కోవడం ఎలా?

ఫ్రాన్సులో లిల్ అనే పట్టణం ఉంది. అక్కడి పాశ్చర్ సంస్థలో కాల్మెట్ అనే వైద్యుడు, గెరాన్ అనే పశువైద్యుడు కలిసి పరిశోధన చేసేవారు. పశువులకు క్షయ కలిగించే బాక్టీరియాను గ్లిసరిన్‌లో ఉడికించిన బంగాళాదుంప ముక్కల మీద పెంచేవారు. బాక్టీరియా ముద్దకట్టకుండా ఉండాలని దానికి పశువుల పైత్యరసం కలిపారు. అలా పెంచగా పెంచగా బాక్టీరియా తీవ్రత తగ్గుతున్నట్లు గమనించారు!

1908లో మొదలుపెట్టి, మూడు వారాలకొకసారి బాక్టీరియాను కొత్త ముక్క మీదికి మార్చసాగారు. అలా 230 సార్లు మార్చారు. లెక్క కట్టండి: 230 × 3 = 690 వారాలు. అంటే 13 ఏళ్ళ పైమాటే! మధ్యలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. లిల్ పట్టణం జర్మన్ సైన్యం వశమైంది. అయినా వారు పని ఆపలేదు. చివరకు మిగిలినది బతికే ఉండి, జబ్బు కలిగించలేని బాక్టీరియా. 'బాసిలస్ కాల్మెట్ గెరాన్' అన్న మాటల మొదటి అక్షరాలే బి.సి.జి.

1921లో పారిస్‌లో మొట్టమొదటిసారి ఒక పసిబిడ్డకు ఈ టీకాను నోటి ద్వారా ఇచ్చారు. ఆ బిడ్డను కన్న తల్లి క్షయతో చనిపోయింది. పెంచవలసిన అవ్వకూ క్షయే. అయినా బిడ్డ జబ్బు పడకుండా పెరిగింది.

ఒంట్లో ఏం జరుగుతుంది?

ఇప్పుడు ఈ టీకాను చర్మం మందంలోకే, అతి సన్నని సూదితో ఎక్కిస్తారు. అక్కడి బాక్టీరియాను కొన్ని తెల్లరక్తకణాలు మింగుతాయి. అసలు క్షయ బాక్టీరియా మహా జిత్తులమారి. తనను మింగిన కణంలోనే దాక్కుని బతుకుతుంది. అందువల్ల రక్తంలో తిరిగే ప్రతిరక్షకాలు దానిని పట్టలేవు. టి-కణాలు అనే మరో రకం తెల్లరక్తకణాలు వచ్చి, మింగిన కణాన్ని రెచ్చగొట్టి, లోపలి శత్రువును చంపించాలి. బి.సి.జి. ఈ టి-కణాలకు ముందుగానే కవాతు నేర్పుతుంది.

రెండు మూడు వారాలకు సూది వేసినచోట చిన్న పొక్కు లేస్తుంది. పగిలి పుండవుతుంది. దానంతట అదే మాని మచ్చ మిగులుతుంది. దాని మీద పసుపు గాని, మందు గాని పూయకూడదు. కొందరికి మచ్చ పడదు. అంతమాత్రాన టీకా పనిచేయలేదని కాదు.

పుట్టగానే ఎందుకు?

పసిబిడ్డలో రక్షణ శక్తి ఇంకా బలపడదు. ఊపిరితిత్తుల్లో చేరిన క్షయ బాక్టీరియా రక్తంతో పాటు ఒళ్ళంతా వ్యాపించవచ్చు. మెదడు పొరలకూ చేరవచ్చు. అప్పుడు ప్రాణమే పోవచ్చు. బతికినా వినికిడో, చూపో దెబ్బతినవచ్చు. ఈ ఘోరాలను బి.సి.జి. బాగా అడ్డుకుంటుంది. అందుకే ఆలస్యం చేయకూడదు.

అయితే దీనికొక హద్దు ఉంది. తమిళనాడులోని చెంగల్పట్టు ప్రాంతంలో 1968లో మొదలుపెట్టి రెండున్నర లక్షల మందికి పైగా జనం మీద ఈ టీకాను పరీక్షించారు. పెద్దవాళ్ళకు వచ్చే ఊపిరితిత్తుల క్షయను అది ఆపలేకపోయింది. మీ భుజం మీద మచ్చ ఉంది కదా అని, పెద్దయ్యాక మీకు క్షయ రాదని చెప్పలేం.

ఇక మా కుర్రవాడి ప్రశ్నకు వద్దాం. నేనిలా చెప్పాను: "టీకా మీ చెల్లికి గొడుగు లాంటిది. చేతిలో గొడుగుందని ఇంటికప్పు చిల్లు పూడ్చకుండా వదిలేస్తామా? తాతను రేపే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి."

వెళ్ళారు. కఫం పరీక్షలో క్షయ అని తేలింది. ప్రభుత్వాసుపత్రిలో మందులు ఉచితంగా ఇచ్చారు. ఆరు నెలలు ఒక్కపూట కూడా మానకుండా వాడి తాత కోలుకున్నాడు. చెల్లి క్షేమంగా ఉంది.

మీరు చేయవలసిన పని

1. మీ ఇంట్లో ఎవరెవరి భుజాన మచ్చ ఉందో చూసి రాయండి. ఎవరు ఎప్పుడు టీకా వేయించుకున్నారో పెద్దలను అడగండి.

2. మీ వీధిలో పురిటిబిడ్డ ఉంటే, బి.సి.జి. వేయించారా అని ఆ ఇంటివారిని అడగండి. పుట్టినప్పుడు కుదరకపోతే ఏడాదిలోపు వేయించవచ్చు.

3. రెండు వారాలు దాటిన దగ్గు ఎవరికైనా ఉంటే కఫం పరీక్ష చేయించుకోమని చెప్పండి.