వానలో కారు చక్రం జారితే

కొత్త బండి చేతికొచ్చిన డ్రైవర్లు తొలకరి పడగానే అడిగే మాట ఒకటుంది: "అన్నా, కారు బొమ్మ కింద వంకర గీతలున్న లైటు ఆరుతూ వెలుగుతోంది, షెడ్డుకు తీసుకుపోవాలా?" అక్కర్లేదు. ఆ లైటు అలా మెరిస్తే ట్రాక్షన్ కంట్రోల్ పని చేస్తోందన్నమాట. ఆరకుండా వెలుగుతూనే ఉంటే మాత్రం పట్టించుకోవాలి. ఎవరైనా స్విచ్ ఆఫ్ చేసి ఉండాలి, లేదా లోపమైనా ఉండాలి.

బ్రేకు వేస్తే చక్రాలు లాక్ కాకుండా ఆపే ఏబీఎస్ కోసం ప్రతి చక్రం దగ్గరా వేగం చూసే సెన్సర్ ఉంటుంది. ఇంజిన్ తిప్పే చక్రం మిగతావాటి కంటే జోరుగా తిరిగితే అది జారుతోందని కంప్యూటర్ పట్టేస్తుంది. మామూలు డిఫరెన్షియల్ ఉన్న బండిలో ఒక చక్రం బురదలో ఊరికే తిరుగుతుంటే, గట్టి నేల మీదున్న రెండో చక్రానికీ బలం అందదు. అందుకే సిస్టమ్ ఆ జారే చక్రానికే బ్రేకు వేసి బలాన్ని రెండో చక్రానికి మళ్లిస్తుంది. చాలకపోతే ఇంజిన్ జోరు కూడా తగ్గిస్తుంది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా బండి లేవకపోవడం అందుకే. అప్పుడు ఇంకా తొక్కకండి, కాలు కాస్త తేల్చండి. రోడ్డు మీద నెలల తరబడి పేరుకున్న దుమ్మూ ఆయిలూ తొలి వానకు జారుడుగా మారతాయి. ఫ్లైఓవర్ ఎక్కే చోట ఆగి కదలాల్సివస్తే, గేర్ల బండిలో సెకండ్ గేరులో క్లచ్ మెల్లగా వదలడం మేలు.

నల్లరేగడిలో కథ వేరు. పత్తి చేల దారిలో దిగారంటే మట్టి టైరు గాడుల్లో నిండిపోయి టైరు నున్నగా అవుతుంది. చక్రం తిరగబోయినప్పుడల్లా సిస్టమ్ ఇంజిన్‌ను నొక్కేస్తుంది, బండి ఉన్నచోటే ఉంటుంది. ముందు గాడుల్లో మట్టి గీకి, చక్రం కింద కంకరో కంపో వేయండి. అప్పుడు ట్రాక్షన్ స్విచ్ ఆఫ్ చేసి బండిని ముందుకూ వెనక్కూ ఊపండి. తారు రోడ్డెక్కగానే మళ్లీ ఆన్ చేయాలి. పికప్ బాగుంటుందని రోజంతా ఆఫ్‌లో తిప్పేవాళ్లున్నారు, నాకైతే అది ఒట్టి తెలివితక్కువ పని.

ట్రాక్షన్ కంట్రోల్ పనికొచ్చేది బండి ముందుకు లాగేటప్పుడే. మలుపులో ఎక్కువ స్పీడుతో వెళితే కాపాడలేదు. అరిగిన టైరుకు పట్టూ తేలేదు. టైరు గాడి అడుగున చిన్న గట్లుంటాయి. రబ్బరు వాటితో సమానమైందంటే లోతు 1.6 మి.మీ.కు వచ్చినట్టే. ఓనరు టైర్లు మార్చడం వాయిదా వేస్తుంటే ఆ గట్లను ఫొటో తీసి, ట్రిప్పుకు ముందే వాట్సాప్‌లో పంపండి. రేపు మాట వస్తే చూపించుకోవడానికి ఉంటుంది.

టైరు మార్చాక లైటు వెలిగితే సైజు తేడా ఉందేమో చూడండి. చక్రాలు వేర్వేరు వేగాల్లో తిరిగితే కంప్యూటర్ తికమక పడుతుంది. సెన్సర్ దగ్గర బురద పేరుకున్నా అంతే. ట్రాక్షన్ లైటుతో పాటు ఏబీఎస్ లైటూ వెలుగుతుంటే బ్రేకు మామూలుగా పడుతుంది గానీ చక్రాలు లాక్ కాకుండా ఆపే రక్షణ ఉండకపోవచ్చు. స్కాన్ చేయించేదాకా వానలో శ్రీశైలం, అరకు ఘాట్ కిరాయిలు ఒప్పుకోకండి.