వాడిన స్పోర్ట్స్ కారు: వేడిమి, తైలము, ఆయుర్దాయము

అమెరికాలో పెరుగుతున్న తెలుగు పిల్లలకు పదహారో పదిహేడో ఏడు వచ్చి, డ్రైవింగ్ లైసెన్సు చేతికి అందగానే కొన్ని ఇండ్లలో ఒక వాదన మొదలవుతుంది. అబ్బాయో అమ్మాయో రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కావాలంటారు. కొత్తది కొనడం తలకు మించిన పని. ఇరవై ముప్పయి ఏళ్ళు వాడినది మాత్రం అందుబాటు ధరకు దొరుకుతుంది. "ఇదివరకటివాడు దీన్ని చావబాది తోలి ఉంటాడు, ఇంకెన్నాళ్ళు నిలుస్తుంది?" అని తండ్రి. "అలా తోలడానికే దీన్ని చేశారు నాన్నా" అని కొడుకు. ఇద్దరూ చివరకు ఓడోమీటరు మీది అంకెను చూసి తీర్పు చెప్పుకోజూస్తారు. అయితే కారు ఆయుర్దాయాన్ని లెక్కించే పద్దు ఆ అంకెలో కొంతే ఉన్నది. మిగిలినది దానిలోని ద్రవాలలోనూ, రబ్బరులోనూ, ఇనుము మీది తుప్పులోనూ వ్రాయబడి ఉంటుంది.

ఈ విషయాన్ని పరిశీలించడానికి మాజ్దా మియాటా కంటె అనువైన ఉదాహరణ దొరకదు. 1989 ఫిబ్రవరిలో చికాగో ఆటో ప్రదర్శనలో ఇది తొలిసారి కనిపించింది. 1.6 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజను, 116 అశ్వశక్తి, టన్నుకు లోపు బరువు. గుర్రమూ రౌతూ ఒకే దేహమన్నట్లు నడవాలన్నది దాని రూపకర్తల ఆదర్శం. 2016 ఏప్రిల్‌లో పది లక్షలవ మియాటా తయారయింది. 1990ల చివరి నుండి అమెరికాలో 'స్పెక్ మియాటా' అనే ఔత్సాహికుల పందెపు తరగతి నడుస్తున్నది. పాత మియాటాలను పెద్దగా మార్చకుండానే పందెంలో దింపడం దాని పద్ధతి. కనుక కఠినంగా నడిపితే ఈ కారులో ఏది నిలుస్తుందో, ఏది ఓడిపోతుందో అనేక సంవత్సరాల అనుభవం పోగుపడి ఉన్నది.

ముందుగా లోహాల సంగతి. నిమిషానికి 7,000 భ్రమణాల వేగంలో ఒక్కొక్క పిస్టను సెకనుకు సుమారు 116 సార్లు పైకి పోయి క్రిందికి వస్తుంది. దాన్ని ఆపి వెనుకకు త్రిప్పే బలం భ్రమణ వేగపు వర్గానికి అనులోమంగా ఉంటుంది. అనగా 3,500 వద్ద ఉన్న బలానికి 7,000 వద్ద నాలుగు రెట్లు. వినడానికి భయంకరమే గాని, కర్మాగారం విధించిన హద్దు లోపల ఉన్నంతవరకు ఉక్కు దీన్ని ఏళ్ళ తరబడి భరిస్తుంది. హద్దు దాటించేది సాధారణంగా చేతి పొరపాటు. నాలుగో గేరులో 7,000 మీద ఉన్నవాడు ఐదుకు పోబోయి మూడులో వేశాడనుకుందాం. తొలి మియాటా గేర్ల నిష్పత్తి ప్రకారం ఇంజను ఒక్కసారిగా 9,300కు ఎగబ్రాకుతుంది. బలం మూడు వంతులకు పైగా పెరుగుతుంది. భ్రమణాలను అదుపు చేసే సాధనం ఇంధనాన్ని మాత్రమే ఆపగలదు. ఇక్కడ ఇంజనును త్రిప్పుతున్నవి చక్రాలు. వాటిని అది ఆపలేదు. వేల మైళ్ళ వేగపు పరుగు చేయని హాని ఆ ఒక్క క్షణం చేయగలదు. అమ్మేవాడు ఈ సంగతి ఎన్నడూ చెప్పడు, కొన్నిసార్లు అతనికే తెలియదు. కంప్రెషను పరీక్ష చేయిస్తే నాలుగు సిలిండర్ల అంకెలూ చెబుతాయి. ఒకటి మిగతా మూడింటికంటె బాగా తక్కువగా ఉంటే ఆ కారును వదలివేయడం మేలు.

లోహానికీ లోహానికీ మధ్య నిజానికి పని చేసేది తైలపు పొర. దాని మందం మైక్రాన్లలో ఉంటుంది. అది ఉన్నంతవరకు బేరింగు అరగదు. కనుక ఇంజను ఆయువు అన్నది చాలవరకు తైలపు ఆయువే. ఇంజను ఆయిలు హైడ్రోకార్బనుల మిశ్రమం. వేడిలో గాలిలోని ఆక్సిజను తగిలితే స్వేచ్ఛా ప్రాతిపదికలు పుట్టి, ఒకటి మరొకదానిని పుట్టిస్తూ, గొలుసుకట్టుగా చర్య సాగుతుంది. ఆమ్లాలు, జిగురు, వార్నిషు వంటి పూత ఏర్పడతాయి. గారెలు వేయించిన నూనెనే మళ్ళీ మళ్ళీ కాచినప్పుడు నల్లబడి చిక్కబడడం ఇల్లాండ్రందరూ ఎరిగినదే. ఇది దానికి దూరపు చుట్టం. చర్యా వేగం ఉష్ణోగ్రతతో ఎట్లు పెరుగుతుందో 1889లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు అర్రీనియస్ సూత్రీకరించాడు. దాని నుండి వచ్చిన మోటు లెక్క ప్రకారం పది డిగ్రీల సెంటీగ్రేడుకు వేగం రెట్టింపు. మామూలుగా 100 డిగ్రీల దగ్గర ఉండే తైలం రేసు ట్రాకు మీద 130కి చేరితే, ఆక్సీకరణం సుమారు ఎనిమిది రెట్లవుతుంది. తైలంలో కలిపే జింకు డయాల్కైల్‌డైథియోఫాస్ఫేటు వంటి పదార్థాలు తాము ఖర్చయిపోతూ తైలాన్నీ, లోహాన్నీ కాపాడుతాయి. అవి అయిపోయిన తరువాత పతనం వేగంగా సాగుతుంది. చిక్కదనాన్ని నిలిపే బృహదణువులు కూడా బేరింగుల మధ్య నలిగి తునిగిపోతాయి. అందుచేత కారును ట్రాకుకు తీసుకొనిపోయేవారు 'ఐదువేల మైళ్ళకొకసారి' అనే ఇంటి లెక్కను మరచిపోవలసి ఉంటుంది. మలుపులో తైలం ఒక ప్రక్కకు ఒరిగి పంపు నోటికి అందకపోవడం వేరొక ప్రమాదం. ఆయిలు మట్టం పై గీతకు తగ్గకుండా చూచుకొనడమే దానికి చవకైన మందు.

ఇక్కడ తండ్రికి ఒక ఆశ్చర్యం కాచుకొని ఉన్నది. "ఆదివారాలు మాత్రమే తోలినది, ముప్పయ్యేళ్ళలో ముప్పైవేల మైళ్ళే" అనే ప్రకటన చూసి ఆయన ముచ్చటపడతాడు. కాని ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుంది. ఆ ఆవిరిలో కొంత పిస్టను రింగులను దాటి క్రిందికి చేరుతుంది. ఇంజను బాగా వేడెక్కితే అది ఆవిరిగానే బయటికి పోతుంది. అంగడికి పోయి పాలడబ్బా తెచ్చే రెండు మైళ్ళ ప్రయాణంలో ఆ వేడి రాదు. నీరు, మండని పెట్రోలు, ఆమ్లాలు తైలంలోనే నిలిచిపోతాయి. షెడ్డులో ముసుగు వేసి ఉంచిన కారులో రబ్బరు సీళ్ళు ఎండి గట్టిపడతాయి. సరిగా వేడెక్కించి, గట్టిగా నడిపి, తైలం మార్చుతూ వచ్చిన లక్ష మైళ్ళ కారు, ముసుగు క్రింద నిద్రించిన కారు కంటె మంచి బేరం కావచ్చును.

కూలెంటు విషయం క్లుప్తంగా చెప్పవచ్చును. మియాటా ఇంజను మూలంలో ముందు చక్రాలను నడిపే చిన్న కార్లలో అడ్డంగా అమర్చడానికి రూపొందిన వంశానిది. దాన్ని నిలువుగా మార్చినప్పుడు నీటి రాక, పోక రెండూ ముందు కొసనే వచ్చాయి. వెనుకనున్న నాలుగో సిలిండరుకు ప్రవాహం తక్కువ, వేడి ఎక్కువ. పందేలవారు గొట్టాలను మార్చి దీన్ని సరిచేసుకుంటారు. ఎథిలీన్ గ్లైకాలు కాలక్రమాన ఆక్సీకరణం చెంది ఆమ్లాలనిస్తుంది. వాటిని అడ్డుకొనే పదార్థాలు తరిగిపోతే అల్యూమినియం హెడ్డు తినివేయబడుతుంది. రేడియేటరు పైనున్న నైలాను తొట్టి నలుపు పోయి గోధుమ, ఆకుపచ్చ కలిసిన రంగుకు తిరిగితే అది పగలడానికి సిద్ధంగా ఉన్నదని అర్థం.

తల్లిదండ్రులు అన్నిటికంటె జాగ్రత్తగా చదువవలసినది బ్రేకుల సంగతి. తక్కినవి చెడితే డబ్బు పోతుంది. ఇది చెడితే పోయేది డబ్బు కాదు. మనిషితో కలిసి వెయ్యి కిలోలున్న కారును గంటకు 100 మైళ్ళ నుండి 50కి తగ్గించినప్పుడు సుమారు 750 కిలోజౌళ్ళ గతిజశక్తి వేడిగా మారుతుంది. రెండు లీటర్లకు పైగా చన్నీళ్ళను మరుగు పట్టించడానికి అది చాలును. నాలుగైదు సెకన్లలో ఆ వేడిని బ్రేకు డిస్కులు మ్రింగాలి. తరువాతి మలుపులో మళ్ళీ మ్రింగాలి. అందులో కొంత బ్రేక్ ఫ్లూయిడులోకి ప్రాకుతుంది. ఈ ద్రవం గ్లైకాలు ఈథర్ల జాతిది, గాలిలోని తేమను పీల్చుకొనే స్వభావం కలది. బిగించి ఉన్నా రబ్బరు గొట్టాల గుండా తేమ చేరుతూనే ఉంటుంది. డాట్ 3 తరగతి ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెంటీగ్రేడు వరకు మరగరాదన్నది ప్రమాణం. 3.7 శాతం నీరు చేరిన తరువాత ఆ కనిష్ఠ పరిమితి 140 మాత్రమే. డాట్ 4కు ఈ అంకెలు 230, 155.

ద్రవం మరిగితే బుడగలు పుడతాయి. ద్రవాన్ని నొక్కితే కుంచించుకుపోదు, ఆవిరి కుంచించుకుపోతుంది. కాలితో త్రొక్కిన పెడలు నేలకు తగులుతుంది, కారు ఆగదు. విచిత్రమేమంటే, చల్లారగానే ఆవిరి తిరిగి ద్రవమై, పెడలు యథాస్థితికి వస్తుంది. మరునాడు మెకానిక్కు దగ్గరకు తీసుకొనిపోతే, అతడు త్రొక్కి చూసి "ఏమీ లేదే" అంటాడు. పదేళ్ళుగా మార్చని ద్రవంతో ఇంటి వీధులలో ఏ లోపమూ కనపడని కారు, పర్వతపు దిగుడు దారిలోనో ట్రాకు మీద మూడో చుట్టులోనో తన రహస్యం బయటపెడుతుంది. రెండేళ్ళకొకసారి ఈ ద్రవాన్ని పూర్తిగా మార్చడానికి అయ్యే ఖర్చు ఒక మంచి టైరు ధరకు మించదు. కారు కొన్న మొదటి వారంలోనే, రంగు ఎట్లున్నా, ఇది చేయించవలసిన పని.

టైర్లకు సైతం ఇదే సూత్రం వర్తిస్తుంది. రబ్బరులోని ద్విబంధాలను ఓజోను తెంచుతుంది. ప్రక్కగోడల మీద సన్నని పగుళ్ళు కనిపిస్తాయి. 2000 తరువాత చేసిన టైరు మీద డాట్ సంఖ్య చివరి నాలుగంకెలు తయారైన వారాన్నీ సంవత్సరాన్నీ చెబుతాయి. 2315 అని ఉంటే 2015లో 23వ వారం. గాడి లోతు ఎంత మిగిలినా అంత వయసున్న టైరును వేగానికి నమ్మరాదు. ఇంజను టైమింగు బెల్టును అరవై వేల మైళ్ళకు మార్చాలి. మియాటా 1990-97 నమూనాలలో అది తెగినా వాల్వులు పిస్టన్లకు తగలవు గనుక దారిలో నిలిచిపోవడంతో సరి. అనేక ఇతర ఇంజన్లకు ఆ అదృష్టం లేదు. 1990, 1991 తొలి నమూనాలలో క్రాంకు ముందు కొస పొట్టిగా ఉండి, బోల్టు వదులైతే తాళపు గాడి చెడిపోయే లోపం ఉండేది. 1991లోనే దాన్ని సవరించారు.

చివరకు పాత మియాటాలలో పెక్కింటి ప్రాణం తీసేది తుప్పు. మెత్తని టాపు మీద పడిన వాన నీరు పోవడానికి తలుపుల వెనుక సన్నని కాలువలున్నాయి. ఆకులు, దుమ్ము చేరి అవి మూసుకుపోతే నీరు వెనుక చక్రాల ముందున్న పెట్టె వంటి అంచులలో నిలిచి లోపలి నుండి తినివేస్తుంది. మిషిగన్, ఒహాయో వంటి రాష్ట్రాలలో శీతకాలపు రోడ్ల మీద చల్లే ఉప్పు ఆ పనిని మరింత త్వరపెడుతుంది. అక్కడి కుటుంబాలు టెక్సాస్‌లోనో కాలిఫోర్నియాలోనో ఉన్న బంధువుల ద్వారా వెదికించడం ప్రయాణ వ్యయానికి తగిన శ్రమే. బేరం కుదుర్చుకొనే ముందు కారును లిఫ్టు మీదికి ఎత్తించి, ఆ అంచులను వ్రేలితో నొక్కి చూడాలి. పైకి రంగు మెరుస్తున్నా, క్రింద మెత్తగా తగిలితే డబ్బు జేబులోనే ఉంచుకొని ఇంటికి రావచ్చును.