లంచం అడిగితే ఏం చేద్దాం?



దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని పెద్దలు అంటారు. ఈ మాట మనకు ఎక్కడ గుర్తుకొస్తుంది? ఆఫీసు గడప దగ్గర గుర్తుకొస్తుంది.

పింఛను ఇచ్చేది ప్రభుత్వం. కాగితం కదిలించాల్సింది గుమాస్తా. ఆయన "రేపు రా" అంటాడు. రేపు పోతే "ఎల్లుండి రా" అంటాడు. కూలి పోతుంది. బస్సు చార్జీ పోతుంది. నాలుగుసార్లు తిరిగాక ఎవరో పక్కకు పిలిచి, "టీ ఖర్చులకు ఏమన్నా ఇయ్యమ్మా, పనైపోతుంది" అంటారు. మనం అప్పు చేసి ఇస్తాం. "అందరూ ఇచ్చేదే గదా" అనుకుంటాం.

అందరూ ఇస్తున్నారని అది న్యాయం అవుతుందా? కాదు. అది నేరం. దానికి జైలుశిక్ష ఉంది. ఈ సంగతి ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఏది ఫీజు? ఏది లంచం?

కొన్ని పనులకు ప్రభుత్వం ఫీజు తీసుకుంటుంది. ఫీజు కడితే రసీదు ఇస్తారు. ఎంత కట్టామో రసీదు మీద అంకెల్లో ఉంటుంది. ఇప్పుడు మనకు చదవడం వచ్చు. ఆ అంకె మనమే చూసుకోవచ్చు.

రసీదు లేకుండా చేతిలో పెట్టమంటే అది ఫీజు కాదు. మామూలు అన్నా, ఖర్చులు అన్నా, చేయి తడపడం అన్నా సరుకు ఒకటే. అది లంచం. లంచం డబ్బే కానక్కర లేదు. బియ్యం బస్తా అడిగినా, కోడిని అడిగినా, బంగారం అడిగినా లంచమే.

సర్కారు ఆసుపత్రిలో కాన్పుకు డబ్బు కట్టక్కర లేదు. అయినా కొన్నిచోట్ల మగపిల్లవాడు పుడితే ఇంత, ఆడపిల్ల పుడితే ఇంత అని అడుగుతారు. బిడ్డను తల్లికి చూపించడానికి వెల కడతారు. ఇదీ లంచమే.

చట్టం ఏం చెబుతుంది?

లంచం తీసుకోవడం నేరమని 1860 నాటి శిక్షాస్మృతిలోనే రాశారు. 1947లో దీనికోసం వేరే చట్టం చేశారు. ఇప్పుడు అమలులో ఉన్నది 1988 నాటి అవినీతి నిరోధక చట్టం. దీన్ని 2018లో సవరించారు.

ఈ చట్టం ఎవరికి వర్తిస్తుంది? ప్రభుత్వ జీతం తీసుకునే వాళ్ళందరికీ వర్తిస్తుంది. గుమాస్తా, సర్వేయరు, పంచాయతీ కార్యదర్శి, పోలీసు, డాక్టరు, కలెక్టరు, అందరూ దీని కిందికి వస్తారు. ప్రజలు ఎన్నుకున్న సర్పంచి, మంత్రి కూడా వస్తారు.

లంచం తీసుకున్న ఉద్యోగికి 3 ఏళ్ళకు తక్కువ కాకుండా, 7 ఏళ్ళ వరకు జైలు. జరిమానా కూడా ఉంటుంది. తీసుకోవడానికి ప్రయత్నించినా నేరమే. తన చేత్తో తీసుకోకుండా మధ్యవాడి చేత తీసుకున్నా నేరమే. ఆ మధ్యవాడికీ శిక్ష ఉంది.

"నేను చేయాల్సిన పనే చేశాను. తప్పు పని ఏమీ చేయలేదు గదా" అని ఉద్యోగి అంటే కుదరదు. చేయాల్సిన పనికి జీతం ఉంది. దానికి పైన మన దగ్గర తీసుకోకూడదు.

ఇచ్చిన వాళ్ళకూ శిక్ష ఉందా?

ఉంది. ఈ సంగతి మనం తప్పకుండా తెలుసుకోవాలి. 2018 సవరణ ప్రకారం లంచం ఇవ్వడం కూడా నేరం. దానికి 7 ఏళ్ళ వరకు జైలు గాని, జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు.

మరి బలవంతం మీద ఇచ్చిన పేదవాళ్ళ గతి ఏమిటి? వాళ్ళకు చట్టం దారి చూపించింది. బలవంతంగా ఇవ్వాల్సి వస్తే, ఇచ్చిన 7 రోజుల లోపల పోలీసులకు గాని, అవినీతి నిరోధక శాఖకు గాని చెప్పాలి. అలా చెప్పిన వాళ్ళ మీద నేరం ఉండదు.

ఇంతకన్నా మంచి దారి ఒకటుంది. ఇవ్వక ముందే చెప్పాలి. ముందే చెప్పి, వాళ్ళు చెప్పినట్టు డబ్బు ఇస్తే మన మీద తప్పు ఉండదు.

ఎవరికి చెప్పాలి?

లంచగొండులను పట్టుకోవడానికి అవినీతి నిరోధక శాఖ ఉంది. దాన్ని ఏసీబీ అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో ఉంది, తెలంగాణలోనూ ఉంది. ఫోను నంబరు 1064. ఒకటి, సున్న, ఆరు, నాలుగు. ఈ నంబరుకు ఫోను చేస్తే డబ్బు ఖర్చు కాదు. పలక మీద నాలుగుసార్లు రాయండి. ఇంట్లో గోడ మీద కూడా రాసి పెట్టుకోండి.

ఫిర్యాదులో ఏం రాయాలి? మీ పేరు, ఊరు రాయండి. ఏ ఆఫీసు, ఏ ఉద్యోగి, ఏ పని కోసం వెళ్ళారు, ఎంత అడిగాడు, ఏ తేదీన అడిగాడు, ఇవన్నీ రాయండి. పూర్తిగా రాయలేకపోతే నోటితో చెప్పవచ్చు. నోటితో చెప్పింది వాళ్ళే రాసుకొని మీకు చదివి వినిపించాలి. మీరు కూడా చదువుకొని, మీరు చెప్పిందే ఉంటేనే సంతకం చేయండి. కేసు కాగితం నకలు మీకు ఉచితంగా ఇవ్వాలి.

ఎలా పట్టుకుంటారు?

ఒక అక్క ఫిర్యాదు చేసిందనుకుందాం. ఏసీబీ వాళ్ళు ముందు ఆ మాట నిజమో కాదో విచారిస్తారు. ఆమె తెచ్చిన నోట్ల నంబర్లు సాక్షుల ముందు రాసుకుంటారు. ఆ నోట్లకు ఒక తెల్లటి పొడి పూస్తారు. దాని పేరు ఫినాఫ్తలీన్. పూసినా అది కంటికి కనిపించదు.

ఆ అక్క నోట్లు తీసుకొని ఆఫీసుకు పోతుంది. ఉద్యోగి అడుగుతాడు, తీసుకుంటాడు. ఏసీబీ వాళ్ళు వచ్చి అతని వేళ్ళు సోడా కలిపిన నీళ్ళలో ముంచుతారు. పొడి అంటిన వేళ్ళు తగిలితే నీళ్ళు గులాబీ రంగుకు మారుతాయి. ఆ నీళ్ళను సీసాలో పోసి సీలు వేస్తారు. కోర్టులో అది సాక్ష్యం.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ఉద్యోగి అడగకుండా మనమే డబ్బు చేతిలో పెట్టకూడదు. నోట్లు దొరికినంత మాత్రాన నేరం రుజువు కాదు. అతను అడిగాడని కూడా రుజువు కావాలి. 2022లో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టంగా చెప్పింది. అదే తీర్పులో ఇంకో మాట కూడా చెప్పింది. ఫిర్యాదు చేసిన మనిషి చనిపోయినా, మాట మార్చినా కేసు దానంతటదే పోదు. మిగతా సాక్ష్యాలతో నేరం రుజువైతే శిక్ష వేయవచ్చు.

భయం లేదా?

ఉంటుంది. "రేపు మళ్ళీ ఆ ఆఫీసుకే పోవాలి గదా" అనిపిస్తుంది. కోర్టుకు వెళ్ళి సాక్ష్యం చెప్పాలి. కేసు రెండేళ్ళలో ముగించడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది. అయినా చాలా కేసులు అంతకన్నా ఎక్కువ కాలం నడుస్తాయి. ఈ కష్టం ముందే తెలిసి ఉండాలి.

అందుకే ఒంటరిగా పోవద్దు. పొదుపు సంఘంలో చెప్పండి. ఇద్దరు ముగ్గురు తోడు వెళ్ళండి. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళే ఒక్కటై సారా దుకాణం మూయించారు. ఒక్కరే పోతే కసురుతారు. పదిమంది పోతే కుర్చీ వేస్తారు.

ఇంకో మాట. కోపంతో ఎవరి మీదా అబద్ధపు ఫిర్యాదు ఇవ్వకూడదు. అది కూడా నేరమే. ఆఫీసుల్లో నిజాయితీగా పనిచేసే వాళ్ళూ ఉన్నారు. లంచగొండి వల్ల వాళ్ళకూ చెడ్డపేరు వస్తుంది.

పింఛను గాని, పట్టా గాని, బిడ్డ పుట్టిన సర్టిఫికెట్టు గాని ఎవరూ మనకు దయతో ఇచ్చేవి కావు. అవి మన హక్కు. హక్కును కొనుక్కోవాల్సిన పని లేదు.

కొత్త మాటలు

ఫిర్యాదు: జరిగిన అన్యాయాన్ని అధికారులకు చెప్పడం
సవరణ: చట్టంలో చేసిన మార్పు
సాక్ష్యం: నిజమని చూపించే మాట లేక వస్తువు
నకలు: అసలు కాగితం లాంటి ఇంకో కాగితం

ప్రశ్నలు

1. ఫీజుకు, లంచానికి తేడా ఏమిటి?
2. బలవంతం మీద లంచం ఇస్తే ఎన్ని రోజుల లోపల చెప్పాలి?
3. ఏసీబీ ఫోను నంబరు చూడకుండా రాయండి.
4. ఉద్యోగి అడగక ముందే డబ్బు ఎందుకు ఇవ్వకూడదు?
5. మీ ఊళ్ళో ఏ పనికి ఎంత ఫీజో పంచాయతీ ఆఫీసులో అడిగి తెలుసుకోండి. పుస్తకంలో రాయండి. కేంద్రంలో అందరికీ చదివి వినిపించండి.