ఉదయగిరిలోనే డైరీ ఉంది, డెయిరీ కూడా ఉంది!



పోయిన పేరెంట్స్ మీటింగ్‌లో ఆరో తరగతి బాబు వాళ్ల నాన్నగారు నన్ను పక్కకు పిలిచి అడిగారు. "మేడం, మావాడు చిన్న మాటలు బాగానే చదువుతాడు. పెద్ద మాట రాగానే నోటికొచ్చింది అనేసి ముందుకు పోతాడు. రెండు తగిలిస్తేగానీ ఆగడు. మాకేమో ఇంగ్లిష్ రాదు. ఏం చేయమంటారు?"

ముందు ఆ తగిలించడం ఆపమన్నాను. తర్వాత బాబు నోట్‌బుక్ తెరిచి చూపించాను. నీటి పొదుపు గురించి ఐదు వాక్యాలు రాయమంటే, 'వాటర్ కన్సర్వేషన్' అని రాయాల్సిన చోటల్లా 'వాటర్ కన్వర్సేషన్' అని రాశాడు. అంటే నీళ్లతో సంభాషణ! అది బద్ధకం వల్ల జరిగిన తప్పు కాదు. ఆ రెండు మాటల్లోనూ పన్నెండేసి అక్షరాలు. పన్నెండూ అవే. మొదటి మూడు ఒకటే, చివరి ఐదూ ఒకటే. మధ్యలో నాలుగే తేడా: ఒకదాంట్లో వి-ఈ-ఆర్-ఎస్, ఇంకోదాంట్లో ఎస్-ఈ-ఆర్-వి. బాబు మొదలూ చివరా చూసి, మధ్యలో తనకు అలవాటైన మాట పెట్టేశాడు.

నేనూ పదో తరగతి దాకా తెలుగు మీడియమే. బీఈడీ టీచింగ్ ప్రాక్టీసులో పిల్లల ముందు సరిగ్గా ఇదే మాట తప్పు చదివాను. వెనక బెంచీలో నవ్వారు. ఆ తర్వాత చాలా రోజులు పైకి చదవాలంటే గొంతు పెగలలేదు. అందుకే చెబుతున్నాను, తిట్లు తిన్న పిల్లలు తప్పు మానరు, పైకి చదవడం మానేస్తారు.

తెలుగులో రాని చిక్కు

తెలుగులోనూ అవే అక్షరాలతో వేరే మాటలున్నాయి. 'పలక'ను తిరగేస్తే 'కలప'. అయినా ఏ పిల్లా వాటిని కలగలపదు. ఎందుకంటే ఏ అక్షరం ఎక్కడున్నా దాని పలుకు మారదు. ఇంగ్లిష్‌లో అలా కాదు. డి-ఐ-ఏ-ఆర్-వై అంటే డైరీ. మధ్యలో రెండక్షరాలు తారుమారైతే డి-ఏ-ఐ-ఆర్-వై, అంటే పాల డెయిరీ. మా స్టాఫ్ రూముకు వచ్చే లీవ్ లెటర్లలో 'స్కూల్ డెయిరీ పోయింది' అని నెలకొకటైనా ఉంటుంది!

అక్షరాలను తారుమారు చేసి ఆడుకోవడం మనకు కొత్తేం కాదు. అవధానాల్లో వ్యస్తాక్షరి అనే అంశం ఉంది. పృచ్ఛకులు ఒక వాక్యంలోని అక్షరాలను వరస తప్పించి, అది ఎన్నో అక్షరమో చెబుతూ, మధ్యమధ్యలో ఒక్కొక్కటే ఇస్తారు. చివర్లో అవధాని మొత్తం వాక్యాన్ని వరసగా అప్పజెప్పాలి. మనం ఇంట్లో ఆడేది దానికి చిన్న చెల్లెలు అనుకోండి.

మన ఊళ్లతో మొదలుపెడదాం

పాత క్యాలెండర్ వెనక చిన్న చిన్న ముక్కలు కత్తిరించి, ముక్కకో ఇంగ్లిష్ అక్షరం మీ పిల్లల చేతనే రాయించండి. ఊరి పేరుతో మొదలుపెట్టండి.

మర్రిపాడుకు తొమ్మిదక్షరాలు. వాటిలోంచి 'ర్యాపిడ్' వస్తుంది, తడిని చెప్పే 'డ్యాంప్' వస్తుంది, మన మెట్ట నేలకు సరిపోయే 'ఆరిడ్' వస్తుంది. మా క్లాసులో ఒక పాప ఏకంగా ఆరక్షరాల 'రేడియం' తీసింది! ఉదయగిరి అక్షరాల్లో డైరీ, డెయిరీ రెండూ ఉన్నాయి. నెల్లూరులో ఒక్క ఈ తీసేస్తే బడిలో పేరు నమోదు చేసే 'ఎన్రోల్' దొరుకుతుంది.

పెద్ద మాటలకు ఒక కిటుకు

తోకను ముందే పక్కన పెట్టాలి. 'ట్రయాంగిల్' అక్షరాలు ఎనిమిది. ఐ-ఎన్-జి మూడూ పక్కన పెడితే మిగిలిన ఐదింటితో 'ఆల్టర్', 'అలర్ట్' వస్తాయి. తోక తగిలిస్తే 'ఆల్టరింగ్', 'అలర్టింగ్'. లెక్కల్లో వచ్చే 'ఇంటిగ్రల్' కూడా ఆ ఎనిమిదిలోనే ఉంది.

ఇప్పుడు 'ఎడ్యుకేషన్' తీసుకోండి. తొమ్మిదక్షరాలు. ఈ, డి పక్కన పెడితే మిగిలిన ఏడింటితో 'కాషన్' అవుతుంది, అంటే హెచ్చరిక. 'ఆక్షన్' కూడా అవుతుంది. దాని అర్థం మీకు నేను చెప్పక్కర్లేదు. డీసీపల్లి పొగాకు వేలం కేంద్రానికి బేళ్లు తీసుకెళ్లే ఇళ్ల పిల్లలు నా క్లాసులో ఉన్నారు. ఈ-డి తోక తగిలిస్తే 'కాషన్డ్', 'ఆక్షన్డ్'. చదువూ, వేలమూ ఒకే తొమ్మిదక్షరాల్లో ఉన్నాయని బోర్డు మీద చూపిస్తే ఒక అబ్బాయి లేచి, "టీచర్, మా నాన్న అది అయ్యాకే ఇది కడతాడు" అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఆ రెండు మాటల స్పెల్లింగ్ ఆ క్లాసులో ఇక ఎవరూ మర్చిపోరు.

ఇంగ్లిష్ రాకపోయినా మీరు చేయగలిగినవి

1. రోజూ పది నిమిషాలు చాలు. ఒకటి నుంచి మూడో తరగతి వాళ్లకు మూడక్షరాల మాటలు, నాలుగు, ఐదు వాళ్లకు ఐదక్షరాల దాకా, ఆపై వాళ్లకు అన్ని ముక్కలూ వాడే మాటలు ఇవ్వండి.

2. మీరు అంపైర్. ఒక ముక్క ఒకసారే వాడారా, లేని అక్షరం కలిపారా అన్నది చూడండి. దానికి ఇంగ్లిష్ అక్కర్లేదు.

3. మాట దొరికాక పైకి చదివించి, అర్థం తెలుగులో మీకు చెప్పమనండి. చెప్పలేకపోతే ఆ మాట లెక్కలోకి రాదు.

4. అనుమానం వస్తే డిక్షనరీ చూడమనండి. అదీ లేకపోతే డైరీలో రాసి పంపండి, మేం చూసి చెబుతాం.

5. పుస్తకంలో పెద్ద మాట తప్పు చదివితే అరవకండి. మధ్యలో వేలు పెట్టి, "ఇక్కడేముంది?" అని మాత్రం అడగండి.

ఆ బాబు వాళ్ల నాన్నగారు ఇంట్లో ముక్కలు కత్తిరించారట. మొన్న బాబు నా దగ్గరకొచ్చి, "టీచర్, మా నాన్న నేను ఆర్ రెండుసార్లు వాడానని పట్టేశాడు" అని ఫిర్యాదు చేశాడు. చాలా సంతోషంగా చెప్పాడు.

ఈ నెల మీ ఇంటి పని: మీ పిల్లల పూర్తి పేరు అక్షరాలతో ఎన్ని మాటలు వచ్చాయో, అర్థాలతో సహా డైరీలో రాయించి పంపండి. అన్నిటికంటే పొడుగు మాటను క్లాసు బోర్డు మీద రాస్తాం. డైరీలోనే సుమా, డెయిరీలో కాదు!