ఆ ఘనపు మీటరు ఎక్కడ కొలిచింది?

జహీరాబాద్ చుట్టుపక్కల జేసీబీ నడిపేవాళ్లకు ఒక సంగతి బాగా తెలుసు. ఎర్రనేలలో పొద్దున మొదలుపెట్టిన గుంత మధ్యాహ్నానికి రాయి తగిలి ఆగిపోవచ్చు. న్యాల్‌కల్ వైపు నల్లరేగడిలో బకెట్ సులువుగానే దిగుతుంది కానీ, వాన పడ్డ మర్నాడు ఆ మన్ను బకెట్‌ను పట్టుకుని ఒక పట్టాన వదలదు. డ్రైవరుకు ఇంత తెలిసినా, ఎస్టిమేట్ కాగితం మీద చూస్తే ఒక్కటే వరుస ఉంటుంది: మట్టి తవ్వకం, ఇన్ని ఘనపు మీటర్లు, ఇంత రేటు. నేల సంగతిని ఆ వరుసలోకి సరిగ్గా దించగలిగే మనిషి కోసం కాంట్రాక్టర్లు వెతుకుతుంటారు. కంపెనీని బట్టి ఆ మనిషిని ఎస్టిమేషన్ ఇంజినీరు అంటారు, క్వాంటిటీ సర్వేయర్ అంటారు, బిల్లింగ్ ఇంజినీరు అని కూడా అంటారు. సివిల్ చదివే పిల్లల్లో చాలామంది డిజైన్ వైపో సాఫ్ట్‌వేర్ వైపో చూస్తారు తప్ప ఈ కుర్చీ వైపు చూడరు. పోటీ తక్కువ కావడానికి అదీ ఒక కారణం.

జహీరాబాద్ విద్యార్థికి ఈ పని ఇంటి గడప దగ్గరికే వస్తోంది. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో ఏళ్లుగా నలుగుతున్న నిమ్జ్ (జాతీయ పెట్టుబడి, తయారీ మండలి) భూముల్లో పారిశ్రామిక స్మార్ట్ సిటీకి కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టులో ఆమోదం తెలిపింది. తొలి దశ 3,245 ఎకరాలు, అంచనా వ్యయం 2,361 కోట్ల రూపాయలు. భూములిచ్చిన రైతుల గోడు వేరే కథ, దాన్ని ఇక్కడ రెండు ముక్కల్లో తేల్చలేను. మన లెక్క వరకే చూద్దాం. ఎకరానికి 4,047 చదరపు మీటర్లు. ఆ మొత్తం విస్తీర్ణంలో నేల మట్టాన్ని సగటున 10 సెంటీమీటర్లు, అంటే జానెడులో సగం పెంచాలంటే పట్టే మన్ను దాదాపు 13 లక్షల ఘనపు మీటర్లు. 10 ఘనపు మీటర్ల టిప్పర్లతో తోలితే 1 లక్షా 30 వేల ట్రిప్పులు. అంత నేలనూ ఎవరూ చదును చేయరు, నిజమే. కానీ లెవెల్ తీసేవాడు బెంచ్‌మార్క్‌ను బెత్తెడు తప్పు చదివితే ఏమవుతుందో ఈ ఒక్క గుణకారం చెబుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ వృత్తిలో కొత్తవాడినీ అనుభవజ్ఞుడినీ ఒక్క ప్రశ్నతో విడదీయొచ్చు. "వెయ్యి ఘనపు మీటర్ల మన్ను కావాలి" అని చెప్పి చూడండి. కొత్తవాడు వెంటనే రేటుతో గుణిస్తాడు. అనుభవం ఉన్నవాడు "ఎక్కడ కొలిచిన వెయ్యి?" అని అడుగుతాడు.

మన్నుకు మూడు కొలతలున్నాయి. భూమిలో కదలకుండా ఉన్నప్పుడు ఒకటి. తవ్వి టిప్పర్లో పోసినప్పుడు గుల్లబారి, పొంగి మరొకటి. తీసుకెళ్లి పరిచి, నీళ్లు చల్లి, రోలరు తిప్పి గట్టిగా కూర్చాక ఇంకొకటి. మామూలు మన్ను తవ్వగానే సుమారు 20 నుంచి 25 శాతం పొంగుతుంది. రాయి అయితే 50 శాతం దాకా పోతుంది. అదే మన్నును రోలరు కింద కూరితే భూమిలో ఉన్నప్పటికంటే కూడా తగ్గుతుంది. ఆ తగ్గుదల 10 శాతమనుకుని వెయ్యి ఘనపు మీటర్ల కూర్చిన కట్టకు లెక్క వేయండి. వెయ్యిని 0.9తో భాగిస్తే, భూమిలోంచి తవ్వాల్సింది 1,111. దానికి పావు వంతు పొంగు కలిపితే టిప్పర్లకెక్కేది 1,389. అంటే 139 ట్రిప్పులు. వెయ్యిని పదితో భాగించి వంద ట్రిప్పులని రాసినవాడు 39 ట్రిప్పులు మింగేశాడు. ట్రిప్పుకు రెండు వేలు పడుతుందనుకుంటే 78 వేలు గాలికి పోయాయి. ఇది ఒక చిన్న పంచాయతీ రోడ్డు సంగతి.

ఇంటి పునాది దగ్గరా ఇదే తంతు. ముగ్గు పోశారు, 12 కాలమ్ గుంతలు. డ్రాయింగులో ఫుటింగు 5 అడుగులు బై 5 అడుగులు, లోతు 6 అడుగులు. ఒక్కో గుంత 150 ఘనపుటడుగులు, పన్నెండుకు 1,800, అంటే 51 ఘనపు మీటర్లు. పరీక్షలో ఈ జవాబుకు పూర్తి మార్కులు వస్తాయి. సైట్లో మేస్త్రీ మాత్రం నవ్వుతాడు. సెంట్రింగు బిగించడానికి మనిషి నిలబడాలి కదా? నాలుగు వైపులా అర అడుగు చొప్పున చోటు వదిలితే గుంత 6 బై 6 అవుతుంది. అప్పుడు 2,592 ఘనపుటడుగులు, 73 ఘనపు మీటర్లకు పైనే. లోతు ఇసుమంత కూడా పెరగలేదు కానీ తవ్వకం 44 శాతం పెరిగింది. ఆ అదనపు చోటుకు బిల్లు వస్తుందా రాదా అన్నది ఒప్పందంలో రాసుకున్న కొలత పద్ధతిని బట్టి ఉంటుంది. మన దేశంలో మట్టి పని కొలతలకు ఆధారం ఐఎస్ 1200 మొదటి భాగం. చిన్న పుస్తకమే. కంఠస్థం చేసినా నష్టం లేదు.

ఆ పుస్తకంలో జహీరాబాద్ వాళ్లు ఆగి చదవాల్సిన చోటు, నేలను రకాలుగా విడదీసే భాగం. మెత్తని మన్ను, గట్టి మన్ను, పేలుడు అక్కర్లేని మెత్తరాయి, పేల్చాల్సిన గట్టిరాయి. ఒక్కోదానికి ఒక్కో రేటు. మన ఎర్రరాయిని, అంటే లేటరైట్‌ను ఎక్కడ పెట్టాలి? కేంద్ర ప్రజాపనుల శాఖ నిబంధనలు గట్టిపడ్డ లేటరైట్‌ను గడ్డపారతో చీల్చగల మామూలు రాయి కింద లెక్కిస్తాయి. చిక్కేమిటంటే ఈ రాయి ఒకచోట ఉన్నట్టు మరోచోట ఉండదు. లోపల తడిగా ఉన్నచోట కత్తి దిగేంత మెత్తగా ఉంటుంది, గాలి తగిలి ఆరితే గట్టిపడుతుంది. దీన్ని ఇటుకల్లా కోసి గోడలు కట్టుకోవడం చూసే 1807లో ఫ్రాన్సిస్ బుకానన్ కేరళలోని అంగాడిపురం దగ్గర దీనికి లేటరైట్ అని పేరు పెట్టాడు. లాటిన్లో లేటర్ అంటే ఇటుక. మన దగ్గర్నుంచి బీదర్ దాకా పరుచుకున్న ఎర్ర పీఠభూమి అదే రాయి, దాని అడుగున నల్లటి బసాల్ట్. కాబట్టి ఒకే ప్లాటులో ఒక మూల మెత్తని ఎర్రమన్ను, ఇంకో మూల బ్రేకర్ తగిలించాల్సిన రాయి ఉండడం వింతేమీ కాదు.

అందుకే టెండరు వేసేముందు ట్రయల్ పిట్ తవ్వించండి. రెండు మూడు చోట్ల, పునాది లోతుకు మించి. మనిషి లోతు గుంత ఒకటి తవ్వడానికి పూట కూలీ, లేదా జేసీబీకి గంట అద్దె. ఆ కాస్త ఖర్చుకు వెనకాడి ఎస్టిమేట్ మొత్తాన్ని 'గట్టి మన్ను' అని రాసేసి, తర్వాత రాయి పడిందని ఇంజినీర్ల చుట్టూ తిరిగే కాంట్రాక్టర్లను ఏ ఆఫీసు వరండాలో చూసినా కనిపిస్తారు.

నల్లరేగడి కథ వేరు. తవ్వడం చవకే, దానిమీద కట్టడమే ఖరీదు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చేయి దూరేంత పగుళ్లిస్తుంది. రోడ్డు పనిలో పై పొరలను మోసే సబ్‌గ్రేడ్‌లోకి ఈ మన్నును రానివ్వరు. దాన్ని తీసి పారబోయడం ఒక ఖర్చు, బయటినుంచి మొరం తెచ్చి నింపడం రెండో ఖర్చు, సబ్‌గ్రేడ్‌లో గరిష్ఠ సాంద్రతలో 97 శాతం వచ్చేదాకా కూరడం మూడో ఖర్చు. ఇళ్లకైతే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ తీర్చిదిద్దిన, అడుగున గడ్డలా ఉబ్బిన అండర్‌రీమ్డ్ పైల్స్ ఉన్నాయి. అవి పెడితే తవ్వకం లెక్క పూర్తిగా మారిపోతుంది. ఇక బయటినుంచి తెచ్చే మొరానికి ప్రభుత్వానికి కట్టే రుసుమును, అంటే సీనరేజిని, ఎస్టిమేట్‌లో మర్చిపోతే అది లాభంలోంచే పోతుంది.

రేటు కట్టడం కష్టమేం కాదు, ఓపిక కావాలి. కేంద్ర రోడ్డు రవాణా శాఖ డేటా పుస్తకంలో 0.9 ఘనపు మీటర్ల బకెట్ ఉన్న ఎక్స్‌కవేటర్ గంటకు 60 ఘనపు మీటర్లు తవ్వుతుందని లెక్క. మన దగ్గర ఏ కంపెనీ మిషన్ అయినా 'ఇటాచీ'యే కదా. దాని అద్దె డీజిలుతో సహా గంటకు 2,400 రూపాయలు అనుకుందాం, లెక్క కోసమే. ఘనపు మీటరుకు 40 రూపాయలు పడుతుంది. అదే మిషన్ ఎర్రరాయిలో గంటకు 15 మాత్రమే తీస్తే 160 రూపాయలు. మిషన్ మారలేదు, అద్దె మారలేదు. రేటు నాలుగింతలైంది. పైన కూలీలు, టిప్పర్లు, సూపర్‌వైజర్ జీతం కలపాలి. 50 మీటర్ల దూరానికి, మీటరున్నర ఎత్తుకు మించి మోస్తే అదనపు లీడు, లిఫ్టు. ఆఫీసు ఖర్చులకు, కాంట్రాక్టరు లాభానికి చెరో 7.5 శాతం కేంద్ర ప్రజాపనుల శాఖ పద్ధతి. రాష్ట్ర పనులకు ప్రామాణిక రేట్ల పట్టిక, అంటే ఎస్ఎస్ఆర్ చూసుకోవాలి. ఇక పుస్తకంలో లేనిది కాలం. మిరుగం దాటి ముసురు పట్టాక గుంతలో నీళ్లు తోడటానికి ఎన్ని రోజులు మోటారు నడుస్తుందో ఏ డేటా పుస్తకమూ చెప్పదు.

ఒక ఖర్చు విషయంలో మాత్రం బేరమాడొద్దు. మీటరున్నర కంటే లోతైన కందకానికి పక్క గోడలు కూలకుండా ఆసరా పెట్టాలని ఐఎస్ 3764 చెబుతోంది, లేదంటే వాలుగా తవ్వాలి. ఎస్టిమేట్‌లో ఆ పద్దు లేకపోతే సైట్లో ఆసరా పలకలూ ఉండవు. మట్టి పెళ్లలు విరిగిపడి కూలీలు చనిపోయారన్న వార్త చదివినప్పుడల్లా ఆ పనికి ఎస్టిమేట్ రాసిందెవరో అని నాకు అనిపిస్తుంది.

ఇక చదువు. పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి మూడేళ్ల సివిల్ డిప్లొమా చేయడం అన్నిటికంటే సూటి దారి. అక్కడినుంచి ఈసెట్ ద్వారా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. ఐటీఐలో సర్వేయర్, డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ ట్రేడులు ఉన్నాయి. హైదరాబాద్‌లోని జాతీయ నిర్మాణ అకాడమీ, అంటే న్యాక్, 1998 నుంచి నిర్మాణ రంగ శిక్షణ ఇస్తోంది. ప్రభుత్వ కొలువు కావాలంటే డిప్లొమాతో టీజీపీఎస్సీ అసిస్టెంట్ ఇంజినీరు పరీక్ష ఉంది. నీటిపారుదల, రోడ్లు, పంచాయతీరాజ్ ఎక్కడ చేరినా మొదట చేతికొచ్చేది కొలతల పుస్తకం, అంటే ఎంబుక్, అందులో మొదట రాసేది చాలాసార్లు మట్టి పనే. గల్ఫ్‌కు పోదామనుకునేవాళ్లు ఐఎస్ 1200తో పాటు అక్కడ నడిచే పోమి, సెస్మ్ కొలత పద్ధతులు తెలుసుకోవాలి. మన జిల్లాలనుంచి కూలీ వీసా మీద వెళ్లినవాళ్లు వేలల్లో ఉన్నారు. అదే సైట్లో క్వాంటిటీ సర్వేయర్ కుర్చీలో కూర్చుంటే జీతమే కాదు, ఉండే గది కూడా వేరు.

సాఫ్ట్‌వేర్ గురించి ఒక మాట. సివిల్ త్రీడీ నేర్చుకోండి, డ్రోన్ సర్వే వస్తే ఇంకా మంచిది. అయితే నన్నడిగితే మొదటి ఏడాది ఎక్సెల్ చాలు. ఫార్ములాలు మీ చేత్తో రాసినప్పుడే తప్పు ఎక్కడ దొర్లుతుందో కళ్లకు కడుతుంది. అంకెను సాఫ్ట్‌వేర్ ఇస్తుంది. అది భూమిలోని ఘనపు మీటరా, టిప్పర్లోదా అని అడగాల్సింది మీరే.

ఇంకో గురువు కూడా ఉన్నారు, కాలేజీల్లో దొరకరు. వడ్డెర పెద్దలను అడగండి. తరతరాలుగా చెరువు కట్టలు పోసి, బావులు తవ్వి బతికిన కులం అది. గడ్డపార దెబ్బకు వచ్చే చప్పుడు విని కింద మొరం ఉందో రాయి ఉందో చెప్పేవాళ్లు వాళ్లలో ఇంకా ఉన్నారు. ఆ చెవి మీకు రాకపోవచ్చు. వాళ్లు గుత్తకు మాట్లాడేటప్పుడు ఏయే ప్రశ్నలు అడుగుతారో వినండి. తవ్విన మన్ను ఎక్కడ పోయాలి, నీళ్లు పడితే ఎవరు తోడాలి, రాయి పడితే సంగతేంటి? టెండరు పత్రంలో చూసుకోవాల్సినవి కూడా అవే.

ఈ ఆదివారం ఒక పని చేయండి. మీ వీధిలోనో, 65వ నంబరు జాతీయ రహదారి పక్కనో పునాది తవ్వుతున్న చోటు వెతకండి. యజమానిని అడిగి టేపుతో గుంతలు కొలవండి, ఘనపు మీటర్లు కట్టండి. జేసీబీ మీటరు రీడింగు పొద్దున ఎంత ఉందో, సాయంత్రం ఎంతుందో రాసుకోండి. ఎన్ని ట్రాక్టర్లు మన్ను తీసుకెళ్లాయో లెక్కపెట్టండి, ట్రాలీ పొడవు వెడల్పు ఎత్తు కూడా కొలవండి. గుంతల లెక్కా ట్రాలీల లెక్కా కలవవు. ఎంత తేడా వచ్చింది, అందులో పొంగు ఎంత, సగమే నింపిన ట్రాలీలెన్ని, తిరిగి పూడ్చడానికి గట్టున ఉంచిన మన్నెంత? రెండు పేజీల్లో రాయండి. అలాంటి గుంతలు పది అయ్యాక ఆ నోటుబుక్కును సర్టిఫికెట్ల ఫైలులో అన్నిటికంటే పైన పెట్టుకుని ఇంటర్వ్యూకు వెళ్లండి.