గుర్తుతో బదులు చెప్పుట

రాత్రి రెండు గంటలకు ఒక సంఘపు వాట్సాప్ గ్రూపులో ఒక వార్త వచ్చును. సభ్యులలో ఒకని తల్లి ప్రభువునందు నిద్రించెను. భూస్థాపన సాయంకాలము నాలుగు గంటలకు. తెల్లవారునప్పటికి ఆ వార్త క్రింద ముప్పదికి పైగా గుర్తులు చేరియుండును. కొన్ని జోడించిన చేతులు, కొన్ని కన్నీటి ముఖములు, పెక్కు పైకెత్తిన బొటనవ్రేళ్లు. ఆ బొటనవ్రేలు పెట్టినవారిలో ఒక్కడును మరణమునకు సంతోషించినవాడు కాడు. వార్త చూచితిమి, వేళకు వచ్చెదము అనుటయే వారి తాత్పర్యము. అయితే తల్లి దేహము ప్రక్కను కూర్చుండి ఫోను తెరచిన కుమారునికి కనబడునది వారి తాత్పర్యము కాదు, బొటనవ్రేలు. అతడు ఎవరితోను ఏమియు అనడు. కాని ఏ పేరు ప్రక్కను ఏ గుర్తు ఉండెనో అతడు మరచిపోడు.

ఇది ఏదో ఒక ఊరిలో ఒకమారు జరిగిన వింత కాదు. గ్రూపులున్న ప్రతి చోటను జరుగుచున్నదే. గనుక ఈ చిన్న గుర్తు ఎట్టిదో, దానిని ఎక్కడ ఉంచవచ్చునో, ఎక్కడ ఉంచరాదో విచారించుట యుక్తము.

'ఎమోజీ' అను మాట జపాను భాషనుండి వచ్చినది. 'ఎ' అనగా చిత్రము, 'మోజి' అనగా అక్షరము. భావోద్వేగమునకు ఆంగ్లములో వాడు మాటతో దీనికి ధ్వనిలో పోలిక యున్నదే గాని సంబంధము లేదు. 1999లో షిగెతాకా కురిత అను జపానీయుడు ఎన్‌టీటీ డొకొమొ అను టెలిఫోను సంస్థ కొరకు 176 చిన్న బొమ్మలను సిద్ధపరచెను. ఒక్కొక్కటి అడ్డమునకు పండ్రెండు, నిలువునకు పండ్రెండు చుక్కలలో ఇమిడినది. 2010లో యూనికోడ్ అను అక్షర ప్రమాణములో ఎమోజీలు చేరుటచేత అవి లోకమంతటి ఫోనులకు సామాన్యమైనవి.

అయితే వాక్యము చివరను వ్రాసిన బొమ్మ వేరు, ఇతరుని మాటకు అంటించిన బొమ్మ వేరు. మొదటిదానికి వ్రాసినవాని వాక్యమే తోడుండును. రెండవదానికి తన వాక్యము లేదు. అది ఎదుటివాని వాక్యముమీద ఆనుకొని నిలుచును. 2009లో ఫేస్‌బుక్ 'లైకు' బొత్తామును పెట్టినప్పుడు ఈ ఇబ్బంది వెంటనే కనబడెను. దుఃఖవార్త క్రింద 'ఇష్టము' అని ఎట్లు నొక్కవలెను? ఇట్టి వార్తలకు తగిన గుర్తు కావలెనని జనులు చాలకాలము అడిగిన తరువాత, 2016 ఫిబ్రవరిలో ప్రేమ, నవ్వు, ఆశ్చర్యము, దుఃఖము, కోపము అను అయిదింటిని ఆ సంస్థ చేర్చెను. వాట్సాప్‌లో ఈ సదుపాయము 2022 మే నెలలో వచ్చినది. మొదట ఇచ్చినవి ఆరే: బొటనవ్రేలు, హృదయము, నవ్వు, ఆశ్చర్యము, దుఃఖము, జోడించిన చేతులు. కొలది వారములకే ఏ ఎమోజీనైనను పెట్టుటకు వీలు కలిగెను.

ఆ ఆరింటిలో రెండు ముఖములకు కన్నీళ్లున్నవని చదువరులు గమనింపవలెను. ఒకటి దుఃఖముచేత ఏడ్చునది. రెండవది కన్నీళ్లు వచ్చునంతగా నవ్వునది. 2015లో ఆక్స్‌ఫర్డు నిఘంటువులవారు ఆ యేటి మాటగా ఎన్నుకొనినది ఈ రెండవదానినే. చూపు మందగించిన పెద్దలు చిన్న తెరమీద కన్నీటి బొట్లను చూచి, అది ఏడ్పే యనుకొని, మరణవార్త క్రింద దానినే ఉంచుట కద్దు. వారిని చూచి నవ్వు యౌవనస్థులు, ఆ తారతమ్యమును వారికి ఎవరు నేర్పవలెనో ఆలోచించిన మేలు.

అనువాదము చేయువారు ఎరిగిన సంగతి యొకటి కలదు. మాటకు అర్థము నిఘంటువులో కొంతయే యుండును. మిగిలినది అది నిలిచిన తావులో ఉండును. 'సరే' అను మాటను తీసికొనుడి. ఒడంబడినవాడు సరే యనును. విన్నానని చెప్పువాడు సరే యనును. విసిగి మాట చాలించువాడును సరే యనును. నోటి మాటకు స్వరము తోడగుటచేత వినువాడు తేడాను పట్టుకొనును. బొటనవ్రేలి గుర్తుకు స్వరము లేదు. కనుకనే అది న్యాయస్థానముల వరకు వెళ్లినది.

2018లో మేఘాలయలో రైల్వే రక్షక దళపు అధికారి యొకడు కానిస్టేబులు చేత హతుడాయెను. ఆ వార్త దళమువారి వాట్సాప్ గ్రూపులో వచ్చినప్పుడు మరియొక కానిస్టేబులు దానికి బొటనవ్రేలి గుర్తును పెట్టెను. అది హత్యను మెచ్చుకొనుటయేనని అధికారులు ఎంచి అతనిని ఉద్యోగమునుండి తొలగించిరి. 2024లో మద్రాసు హైకోర్టు ద్విసభ్య ధర్మాసనము అతని పక్షమున తీర్పు చెప్పెను. ఆ గుర్తును 'ఓకే' అను మాటకు బదులుగా, సందేశము చూచితినని తెలుపుటగా గ్రహింపవచ్చును గాని హత్యను కొనియాడుటగా ఎంచరాదని ఆ తీర్పు సారాంశము. అతనికి న్యాయము కలిగినది. కాని ఒక్క తాకుడు తెచ్చిన వ్యాజ్యము హైకోర్టు వరకు నడిచినది.

కెనడా దేశపు సస్కాచివాన్ రాష్ట్రములో దీనికి భిన్నమైన తీర్పు వచ్చినది. 2021లో ధాన్యపు వర్తకులు ఒక రైతునకు అవిసె గింజల కొనుగోలు ఒప్పందమును ఫోనులో పంపి, ధ్రువపరచుమని కోరిరి. రైతు బొటనవ్రేలి గుర్తు పంపెను. తరువాత ధర పెరిగెను; 87 టన్నుల సరుకు రాలేదు. కాగితము అందినదని మాత్రమే తెలిపితినని రైతు వాదించెను. 2023లో న్యాయాధిపతి ఆ గుర్తు సంతకముతో సమానమని నిర్ణయించి, 82,000 డాలర్లకు పైగా చెల్లింపుమని తీర్పిచ్చెను. 2024లో అప్పీలు న్యాయస్థానమును దానినే స్థిరపరచెను. ఇందులో గమనింపదగినది, న్యాయాధిపతి గుర్తును మాత్రమే చూడలేదు. ఆ యిరువురి మధ్య అంతకు మునుపు నడచిన వాడుకను చూచెను. మునుపు ఆ రైతు 'సరే' వంటి పొడిమాటలతో బదులిచ్చి, వాటి ప్రకారము సరుకు ఇచ్చియుండెను.

తెలుగువారికి ఈ తీర్పు అంత వింతగా తోచనక్కరలేదు. చదువురాని రైతు ప్రోనోటు మీద వేసిన నిశానీ ఆ బొటనవ్రేలిదే గదా! ఆ వ్రేలికి అంటిన సిరా అతని పొలమును కట్టివేయగలిగెను. ఇప్పుడు సిరా లేదు, కాగితము లేదు. అయినను మాటయిచ్చినట్లు ఎదుటివాడు నమ్మిన యెడల, ఆ నమ్మిక నిజమైనదే. బల్లలు మోయుటకు ఆదివారము ఉదయము ఆరు గంటలకు ఎవరు రాగలరని పెద్ద అడిగిన సందేశము క్రింద పండ్రెండుమంది బొటనవ్రేలు పెట్టుదురు, ముగ్గురు వత్తురు. మిగిలిన తొమ్మిదిమంది అబద్ధికులు కారు. వారు చూచితిమనిరి, పెద్ద వచ్చెదమని చదివెను. ఇట్టి చోట అడుగువాడే ముందుగా, రాగలవారు మాత్రమే గుర్తు పెట్టుడని స్పష్టముగా వ్రాసిన యెడల సగము చిక్కు తీరును.

జోడించిన చేతుల గుర్తు విషయమై మరికొంత నిదానము అవసరము. యూనికోడ్‌లో దాని పేరు చేతులు జోడించిన వ్యక్తి అని మాత్రమే. జపానులో అది వేడుకోలునకు, కృతజ్ఞతకు వాడబడును. ఈ దేశములో అది నమస్కారము. తెలుగు నోట 'నీకొక దండము' అనునది గౌరవమును కావచ్చును, విసుగును కావచ్చును. క్రైస్తవుల గ్రూపులలో అదే గుర్తు ప్రార్థనయని చెల్లుచున్నది. రేపు శస్త్రచికిత్స కాబోవు స్త్రీ తనకొరకు ప్రార్థింపుడని వ్రాయును. నలువది జతల చేతులు వచ్చును. ఆమె వాటిని లెక్కించి, నలువది యిండ్లలో తన పేరు ప్రార్థనలో పలుకబడుచున్నదని ధైర్యము తెచ్చుకొనును. గుర్తు పెట్టినవారిలో ఆ రాత్రి ఆమెను జ్ఞాపకము చేసికొనినవారు ఎందరు? ఇది ఎవరును పైకి అడుగరాని ప్రశ్నయే, కాని గుర్తు పెట్టినవాడు తన్ను తాను అడుగుకొనవలసిన ప్రశ్న. కొందరు మొదట ప్రార్థించి, పిమ్మట గుర్తు నొక్కుదురు. వంటయింటిలో నిలుచుండి అరనిమిషము కన్నులు మూసికొనినను ఆ గుర్తు నిజమగును. అంతపాటి తీరిక లేనివాడు గుర్తును తరువాత పెట్టుట మంచిది. చికిత్స ముగిసిన తరువాత ఎట్లున్నారని అడుగుట మరియు మంచిది.

ఇంతమాత్రముచేత గుర్తులను బొత్తిగా మానవలెనని కాదు. వాటిలో నిజమైన మర్యాద యున్నది. గ్రూపులో రెండువందలమంది యుండి, కూడిక వేళ మారెనని ఒకరు తెలుపగా, అందరును విడివిడిగా 'సరే అయ్యగారు' అని వ్రాసిన యెడల రెండువందల ఫోనులు రెండువందల మారులు మ్రోగును. రోగి నిద్ర చెడును. ముఖ్యమైన వార్త అడుగున పడిపోవును. గుర్తు పెట్టినప్పుడో, సమాచారము ఆ సందేశము వ్రాసినవానికి మాత్రమే చేరును. ఊరకుండుటకును మాటాడుటకును నడుమ ఇట్టి మార్గము దొరకుట మేలే. బిడ్డ పరీక్షలో నెగ్గెనని ఒక తల్లి వ్రాసినప్పుడు హృదయపు గుర్తు చాలును. ఆమె దానికంటె ఎక్కువ కోరదు.

అయితే వాగ్వాదము నడుచుచున్నప్పుడు గుర్తు పెట్టుట తీర్పు చెప్పుటయే. ఇద్దరు సభ్యులు లెక్కలను గూర్చి తగవులాడుచుండగా, ఒకని మాట క్రింద చప్పట్ల గుర్తు పెట్టినవాడు తాను నోరు మెదపలేదని చెప్పుకొనలేడు. వాని పేరు అందరికిని కనబడును. తప్పుగా వ్రాసిన అక్షరముల క్రింద నవ్వు ముఖము పెట్టుట యింకను హీనము. వయస్సు మీరిన తరువాత తెలుగు అక్షరములను ఫోనులో కూర్చుట నేర్చుకొనిన ఒక అమ్మగారు అట్టి నవ్వును ఒక్కసారి చూచినచో, మరి ఎన్నడును వ్రాయకపోవచ్చును. గ్రూపును నడుపువారు మరియొకటి చూచుకొనవలెను. కలిగినవాని ఇంటి శుభవార్తకు హృదయమును, కూలివాని ఇంటి శుభవార్తకు మౌనమును ఇచ్చుట, తామెరుగకయే జరిగినను, లెక్కకు వచ్చును. దీనికి మారుగా, ఎవరు గుర్తు పెట్టలేదో వ్రేళ్లమీద ఎంచుచు కూర్చుండుటయు మంచి వాడుక కాదు. ఫోను చార్జీ అయిపోయినవాడును, పొలములో ఉన్నవాడును, ఆ దినమున గ్రూపును తెరువనివాడును ఆ లెక్కలో శత్రువులుగా తేలుదురు.

పెట్టిన గుర్తును తీసివేయవచ్చును, మార్చవచ్చును. మరణవార్త క్రింద బొటనవ్రేలు పెట్టినవాడు తన పొరపాటు గ్రహించిన వెంటనే దానిని తీసివేయవలసినదే. కాని అంతకుముందే ఆ యింటివారు చూచియుండవచ్చును గనుక పని అంతటితో ముగియదు. ఫోను చేసి, అన్నా, నేను చూచితినని తెలుపబోయి ఆ గుర్తు నొక్కితిని, మనస్సున పెట్టుకొనవద్దు అని చెప్పుటకు ఒక్క నిమిషము పట్టును. ఆ నిమిషములో అవతలివాడు ఏడ్చిన యెడల ఫోను పెట్టివేయక నిలుచుటయే. సాయంకాలము నాలుగు గంటలకు ఎటుతిరిగి సమాధుల తోటలో కలిసికొనవలసినవారే గదా.